దొరగారి ముఖం

మా అమ్మ మళ్ళీ పెదవులు బిగించేసింది. జోయెల్ అయ్యగారు ఆమె కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న రొట్టె ముక్కను ఆమె నోటి దగ్గర పట్టుకుని ఓపికగా ఎదురుచూశాడు. ఆయన వారమంతా చాండ్లర్‌లో చిప్‌లు తయారుచేసే కంపెనీలో ఇంజినీరు. ఆదివారం మధ్యాహ్నం అద్దె హాల్లో మా తెలుగు సంఘానికి వాక్యం చెబుతాడు. నెలకోసారి బల్ల ఆరాధన, అంటే ప్రభువు ఆఖరి భోజనానికి గుర్తుగా రొట్టె పంచుకోవడం, ముగిశాక, మతిమరపు వృద్ధుల హోమ్‌లో ఉన్న మా అమ్మకు రొట్టె, ద్రాక్షారసం చిన్న పెట్టెలో పెట్టుకుని తెస్తాడు. నా కొడుకు వయసువాడు. "అమ్మగారూ, ప్రభువు శరీరం" అన్నాడు మెల్లగా. అమ్మ తల పక్కకు తిప్పుకుంది.

"ఫోర్స్ చేయొద్దు ఆంటీ. ఇవాళ మూడ్ బాలేదేమో."

"పోయిన నెలా ఇంతే కదయ్యా. అంతకు ముందు నెలా ఇంతే."

"మళ్ళీ ట్రై చేద్దాం. దేవుడికి తెలుసు కదా ఆంటీ."

దేవుడికి తెలుసు. ఆ సంగతిలో నాకు అనుమానం లేదు. అమ్మకు ఎనభై దాటాయి, మాట పోయి ఏడాది దాటింది, నేనెవరో తెలియక అంతకంటే ఎక్కువైంది. నోరు బిగించడం కూడా జబ్బులో భాగమేనని ఇక్కడి నర్సులు ఎన్నోసార్లు చెప్పారు. మాట రానివాళ్ళ కోసం పరిశుద్ధాత్మే మూలుగుతూ వేడుకుంటాడని చిన్నప్పటినుంచి విన్నదాన్ని, సండే స్కూల్లో పిల్లలకు నేనే నేర్పినదాన్ని. అయినా మా అమ్మ రొట్టె ముందు నోరు మూసుకోవడం చూస్తూ నిలబడటం నావల్ల కావడం లేదు. పాస్టరు భార్యగా బతికిన మనిషి. బల్ల ఆదివారానికి ముందురోజు ఎవరితోనూ మాట పట్టింపు ఉంచుకునేది కాదు. ఎవరినైనా ఏదైనా అని ఉంటే శనివారం పొద్దుగూకేలోగా వెళ్ళి సర్దుకుని వచ్చేది. నాతో తగువైతే పిలిచి, "ఏందే, ఇంకా మూతి ముడుచుకునే ఉన్నావా? రేపు బల్ల. నవ్వు" అనేది. ఆ మనిషి పోయేలోగా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నోరు తెరిచి ఆ ముక్క పుచ్చుకోవాలి. ఈ మధ్య నా ప్రార్థనంతా ఇంతే. మిగతావన్నీ అడగడం మానేశాను.

రొట్టెను ఇలా వద్దన్న మనిషిని అంతకుముందు ఒక్కరినే చూశాను. అదీ ఈ ఊళ్ళోనే, కారులో వెళితే ఇక్కడికి పది నిమిషాల దూరంలో, నా చిన్నప్పుడు.

అప్పట్లో కాలిఫోర్నియా పక్క ఎడారిలోని ఈ చాండ్లర్ అంటే పత్తిచేలు. గుంటూరు దగ్గర పత్తిచేల మధ్యనుంచి బయల్దేరి, విమానాలు మారి, ఇంత దూరం వచ్చి కిటికీ తెరిస్తే మళ్ళీ పత్తిచేలే కనబడ్డాయని మా అమ్మ మొదటిరోజు నవ్విందట. మా ప్రాంతంలో చాలాకాలం పనిచేసి వెళ్ళిన ఒక మిషనరీ దొర మాట మీద మా నాన్నగారిని ఇక్కడికి పిలిపించారు. సంఘం నడిపే ముసలివాళ్ళ హోమ్ ఒకటి ఉండేది. అక్కడివాళ్ళకు పొద్దున్నా సాయంత్రం ప్రార్థన చేయించడం, మంచాన పడ్డవాళ్ళ దగ్గర కూర్చోవడం, పోయినవాళ్ళను సాగనంపడం ఆయన పని. వంటశాల వెనక రెండు గదులు మాకిచ్చారు. వేసవిలో కిటికీకి బిగించిన కూలర్ తడిసిన గడ్డి మీదుగా గాలి వదిలేది. ఆ వాసన వచ్చినప్పుడల్లా అమ్మ కళ్ళు మూసుకుని, "అచ్చం మన వట్టివేళ్ళ తడికే" అనేది. నేలకు పూసే మైనం వాసన, ముసలివాళ్ళ గదుల్లోని మందు నూనెల వాసన, వాటి మీదుగా పదకొండు గంటలకు మా అమ్మ వేసే తాలింపు వాసన. ఎండుమిర్చీ ఇంగువా చిటపటలాడగానే హాలంతా దగ్గులు మొదలయ్యేవి. హోమ్ మేనేజరు వచ్చి మర్యాదగా కిటికీలు తెరిచి వెళ్ళిపోయేది.

ఆ తాలింపు వాసన పట్టుకునే, రొట్టె వద్దన్నాడన్నానే, హోమ్‌లో ఉండే ఆ మనిషి మా వాకిట్లోకి వచ్చాడు. పొడుగ్గా, కర్రలా, ఎండాకాలంలో కూడా కోటు వేసుకుని, తెల్లటి జుట్టు వెనక్కి దువ్వుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కళ్ళు ఎంత లేత నీలం అంటే, ముందు ఆయనకు చూపు లేదేమో అనుకున్నాను. పేరు ఆల్బిన్ హాఫ్నర్. జర్మనీ మనిషి. నాన్నగారు "మిస్టర్ హాఫ్నర్" అనేవారు. మా అమ్మకు తెల్లగా ఉండి పెద్దవయసైన ప్రతి మనిషీ దొరగారే కాబట్టి ఆయన మాకు దొరగారయ్యాడు. అమ్మ ఆ రోజు మామిడికాయ పప్పు చేసింది. ఒక చిన్న గిన్నెలో అన్నం కలిపి, చెంచా వేసి ఇచ్చింది. ఆయన నిలబడే తిన్నాడు.

"సుగుణా, దొరగారిని అడగవే, కారం ఎక్కువైందేమో" అంది అమ్మ. ఇంట్లో ఇంగ్లీషు నాన్నగారికీ నాకూ మాత్రమే వచ్చు. నేను నోరు తెరిచేలోగా ఆయన ముఖం మొదలుపెట్టింది. ముందు కనుబొమ్మలు పైకి లేచాయి. తర్వాత బుగ్గలు లోపలికి పోయాయి. తర్వాత ఒక మనిషి మంచాన పడి, కళ్ళు తేలేసి, చచ్చిపోయి, పాతిపెట్టబడి, మూడో రోజున ఒక కన్ను తెరిచి గిన్నెలోకి చూసి, ఇంకా ఉందా అన్నట్టు గిన్నె ముందుకు చాపాడు. ఇదంతా మెడ పైభాగంలోనే. అమ్మ గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

"నువ్వు అడగక్కర్లేదులే. అన్నీ చెప్పేశాడు ఈయన."

అప్పటినుంచి ఆయన రోజూ వచ్చేవాడు. అమ్మకు ఇంగ్లీషు రాదు, ఆయనకు తెలుగు రాదు, ఇద్దరూ గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళు. ఉప్పు తక్కువైతే ఆయన ముఖం ఎండిపోయిన చెరువులా పెట్టేవాడు. అమ్మ తన అత్తగారి గురించి ఏ భాషా లేకుండా చెబితే ఆయన ఆ అత్తగారి ముఖం పెట్టి చూపించేవాడు. నడుము మీద చెయ్యి వేసి, పెదవి విరిచి. మా నాయనమ్మను ఆయన ఎన్నడూ చూడలేదు. "ఇదిగో, అచ్చం మీ నాయనమ్మే!" అని అమ్మ నన్ను పిలిచేది. నాన్నగారు పక్క గదిలోంచి దగ్గేవారు.

పొద్దున పూట నేను ఆయన గదికి కాఫీ తీసుకువెళ్ళేదాన్ని. నున్నగా గడ్డం గీసుకుని, కిటికీలోంచి వెలుతురు పడేవైపు కుర్చీ తిప్పుకుని కూర్చుని ఉండేవాడు. ఎడమవైపు ఎవరైనా నిలబడితే ఊరుకునేవాడు కాదు, అది కెమెరా ఉండే వైపట. ఆయన కథంతా ఆ కుర్చీ దగ్గరే విన్నాను. ఇక్కడ నా తెలుగులో రాస్తున్నాను గానీ, ఆయనది తడుముకుంటూ మాట్లాడే ఇంగ్లీషు. తండ్రి ఒక చిన్న ఊళ్ళో చెప్పులు కుట్టేవాడు, ఆదివారాలు చర్చి గంట కొట్టేవాడు. ఈయన ఊరికి వచ్చిన నాటక బృందం వెంట పారిపోయాడు. అక్కడినుంచి బెర్లిన్. అప్పటికి సినిమాకు మాట రాలేదు. గాజు కప్పు వేసిన పెద్ద షెడ్డులో, ఎండ లోపలికి దిగుతుండగా, ముఖానికి పసుపు రంగు పులుముకుని చెమటలు కారుతూ నటించేవాళ్ళట. ఆ కాలం ఫిల్ముకు ఎరుపు నల్లగా కనబడేదట, నీలం తెల్లగా కనబడేదట. "నా కళ్ళు చూడు" అనేవాడు. "తెర మీద గుడ్డివాడి కళ్ళలా, దయ్యం కళ్ళలా ఉండేవి. ఇక నన్ను హీరోని ఎవరు చేస్తారు?" అందుకని ఆయన దయ్యాలు వేశాడు, పిచ్చెక్కిన వైద్యుల్ని వేశాడు, పసిపిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళను వేశాడు. వీధిలో ఎదురైతే తల్లులు పిల్లల్ని వెనక దాచుకునేవాళ్ళట. ఇది చెప్పేటప్పుడు మాత్రం నవ్వేవాడు.

తర్వాత సినిమా మాట్లాడటం నేర్చుకుంది. ఆయన గొంతు సన్నం, పైగా పల్లెటూరి యాస. తెర మీద అంత భయపెట్టిన మనిషి నోరు తెరవగానే హాలు హాలంతా నవ్విందట. అంతలోనే దేశంలో రోజులు మారాయి. భార్య యూదురాలు. ఇద్దరూ చేతిసంచులతో పారిపోయి ఈ దేశం చేరారు. కాలిఫోర్నియాలో యుద్ధం సినిమాలు తీస్తున్న కాలం అది. జర్మన్ సైనికాధికారి వేషానికి ముఖం కావాలి, ఆయన దగ్గర ముఖం ఉంది. గుమ్మంలో నిలబడి "ఆగు" అని అరవడం, అంతే పని. "నన్ను తరిమినవాళ్ళ బట్టలే తొడుక్కుని అన్నం తిన్నాను" అన్నాడు. భార్య పోయింది, ఊపిరితిత్తులు చెడ్డాయి, పొడి గాలి మంచిదని ఈ ఎడారికి వచ్చాడు. పొడి గాలికి వచ్చినవాళ్ళతోనే ఆ హోమ్ సగం నిండి ఉండేది.

నెల మొదటి ఆదివారం హోమ్‌లోని చిన్న ప్రార్థన గదిలో బల్ల. ఆయన కీర్తనలన్నీ జర్మన్‌లో పాడేవాడు, సన్నటి గొంతుతో, ఒక్క మాట తప్పకుండా. నాన్నగారు రొట్టె చేతిలోకి తీసుకోగానే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. మొదటి నెల ఒంట్లో బాగాలేదనుకున్నారు. రెండో నెల, మూడో నెల కూడా అంతే అయ్యేసరికి నాన్నగారికి నిద్ర పట్టలేదు. మా ఇంట్లో సాయంకాల ప్రార్థనలో దొరగారి పేరు చేరింది. అమ్మ చపాతీ పిండి కలుపుతూనే ఆమేన్ చెప్పేది.

ఒక సాయంత్రం వరండాలో నాన్నగారు అడిగేశారు. నేను మెట్ల మీద చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చున్నాను. దొరగారు చేల వైపు తిరిగాడు.

"సువార్త కథను సినిమాగా తీశారు, పాస్టర్. నాది ప్రభువును శత్రువులకు అప్పగించిన శిష్యుడి వేషం. కళ్ళు తెల్లవి కదా. ఆఖరి భోజనం దగ్గర ప్రభువు రొట్టె ముక్క ముంచి నాకు ఇవ్వాలి, నేను పుచ్చుకోవాలి. ఎన్నిసార్లు చేసినా దర్శకుడు, నువ్వు దొంగలా ఉన్నావు, ఈ శిష్యుడు ప్రభువును ప్రేమించినవాడు కూడా, ప్రేమతో పుచ్చుకో అంటాడు. నాకు చేతకాలేదు. అప్పుడు మా ఊరి చర్చిలో మొదటిసారి బల్ల తీసుకున్న రోజు గుర్తొచ్చింది. పైన మా నాన్న గంట కొడుతున్నాడు. ఆ రోజు నాకు లోపల ఏమైందో అది తీసి ముఖం మీద పెట్టాను. దీపాలు పట్టుకునే ఒకతను టోపీ తీశాడు. నా జీవితంలో అంత బాగా ఏదీ రాలేదు."

"తర్వాత?"

"తర్వాత ఈస్టరుకు చర్చికి వెళ్ళాను. రొట్టె నా ముందుకొచ్చింది. ఆ ముఖం దానంతట అదే వచ్చేసింది, షెడ్డులో పెట్టినదే. వెలుతురు ఏ వైపునుంచి పడుతోందో నాకు తెలుసు. గడ్డం కొంచెం ఎత్తాను, పాస్టర్. వెలుతురు కోసం. ప్రభువు ముందు." అని ఆయన తన గడ్డం పట్టుకున్నాడు. "ఆ రోజునుంచి మళ్ళీ బల్ల దగ్గరకు వెళ్ళలేదు."

"మిస్టర్ హాఫ్నర్, కృప మన ముఖం చూసి రాదు."

"మీరు చెప్పింది నిజం. నాకూ తెలుసు. నా ముఖానికి తెలియదు."

నాన్నగారు దేన్నీ వదిలే మనిషి కాదు. ఆ చలికాలమంతా వాక్యం తీసుకుని ఆయన గదికి వెళ్ళారు. తప్పిపోయిన కొడుకు, ప్రభువును మూడుసార్లు ఎరగనన్న శిష్యుడు, సిలువ మీద దొంగ, ఇలా క్షమాపణ దొరికిన ఒక్కొక్కరినీ తీసుకువెళ్ళి ఆయన ముందు నిలబెట్టారు. దొరగారు శ్రద్ధగా వినేవాడు, ప్రతిదానికీ తలూపేవాడు, మొదటి ఆదివారం లేచి వెళ్ళిపోయేవాడు. నాన్నగారు గదిలోకి వచ్చి మంచం మీద కూర్చుంటే అమ్మ సాధించేది.

"ఏవండీ, మీరు వాక్యం చెప్పి చెప్పి ఆ ముసలాయన్ను బెదరగొడుతున్నారు. ఆయనకు రానిదేదన్నా ఉంటే చెప్పాలి గానీ."

"మరి ఏం చేయమంటావు కరుణా? ఇట్లాగే పోతే?"

"ఏమో నాకేం తెలుసు. పొద్దున ఇడ్లీ సగం వదిలేశాడు. నాకు అది దిగులుగా ఉంది."

వేసవి ముదిరాక ఆయన మంచం దిగలేదు. అన్నం మానేశాడు. నర్సులు చెంచాతో ఏది పెట్టబోయినా మర్యాదగా నవ్వి తల తిప్పుకునేవాడు, ఆ నవ్వు కూడా వేషంలోదే. ఒక మధ్యాహ్నం అమ్మ స్టీలు గిన్నెలో మెత్తటి పప్పన్నం, నెయ్యి వేసి కలుపుకుని వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. తెరలు వేసి ఉన్నాయి, గదిలో ఏ వైపునుంచీ వెలుతురు లేదు. అమ్మ మంచం మీద కూర్చుని చిన్న ముద్ద చేసి, కింద జారకుండా ఎడమ అరచెయ్యి అడ్డంపెట్టి, ఆయన నోటి దగ్గరకు తీసుకువెళ్ళింది. పసిపిల్లలకు పెట్టేటప్పుడు తల్లులు తమ నోరు కూడా తెరుస్తారు చూడండి, అలా తనూ నోరు తెరిచి "ఆఁ" అంది. ఆయనా నోరు తెరిచాడు.

నేను ఆయన ముఖం వైపే చూస్తున్నాను, ఎప్పుడూ అలవాటే కాబట్టి. ఇప్పుడేం చేసి నవ్విస్తాడా అని. ఆ ముఖం మీద ఏమీ లేదు. సంతోషం లేదు, బాధ లేదు, కృతజ్ఞత లేదు. కళ్ళు సగం మూసి నములుతున్నాడు, అంతే. అప్పుడు గుమ్మంలో అలికిడైంది. నాన్నగారు. చేతిలో బల్ల పెట్టె ఉంది, మూత కూడా తీసి ఉంది. అమ్మ వెనక్కి తిరగలేదు. ఇంకో ముద్ద చేసింది, ఇంకో ముద్ద. నాన్నగారు గడప దగ్గరే నిలబడి, గిన్నె అయ్యేవరకు చూసి, పెట్టె మూత వేసుకుని వెళ్ళిపోయారు.

ఆ వారంలోనే దొరగారు పోయాడు, బల్ల తీసుకోకుండానే. నాన్నగారే పాతిపెట్టారు. ఆ మధ్యాహ్నం సంగతి ఆయన్ను బతికినన్నాళ్ళూ వదల్లేదు. పెద్దతనంలో ఒకసారి నాతో అన్నారు, "సుగుణా, ఆ ఒక్క క్షణమే ఆయన ముఖం ఖాళీగా ఉంది. నేను రొట్టె పట్టుకుని లోపలికి అడుగుపెడితే మళ్ళీ కెమెరా తెచ్చిపెట్టినట్టు అవుతుందేమోనని ఆగాను. ఆగడం సరైనదో కాదో ప్రభువును అడగాలి." వంటింట్లోంచి అమ్మ, "ఆకలేసినాయనకు అన్నం పెట్టా. దానికింత ఆలోచన దేనికండీ?" అంది. నాన్నగారు ఆ ప్రశ్న తీసుకునే వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఆ హోమ్ లేదు, చేలూ లేవు. అది ఉన్న మలుపులో కారు ఆపితే ఒక ఆఫీసు పార్కింగు, పక్కన మన కిరాణా కొట్టు. కందిపప్పు, ఇంగువ, గుంటూరు మిర్చి అన్నీ దొరుకుతాయి. ఇవే అమ్మ అప్పట్లో ఊరినుంచి వచ్చేవాళ్ళను బతిమాలి తెప్పించుకునేది. దొరగారి సినిమాల కోసం నా మనవరాలు ఇంటర్నెట్ అంతా వెతికింది. "అమ్మమ్మా, నథింగ్. అప్పటి ఫిల్మ్ ఈజీగా కాలిపోతుందంట. అన్నీ పోయాయేమో" అంది. టోపీ తీయించిన ఆ ముఖం ఎక్కడా మిగల్లేదు. ఆయన ముఖాలు చూసినవాళ్ళలో నాకు తెలిసి మిగిలింది నేనూ, అమ్మా. అమ్మకు నా ముఖమే గుర్తులేదు. నేను పక్కన కూర్చుని ఆమె ముఖం మీద ఏదైనా వస్తుందేమోనని చూస్తుంటాను. గంటలు చూస్తాను. చిన్నప్పుడు దొరగారి ముఖం చదివినంత సులువుగా ఏదీ చదవలేకపోతున్నాను.

ఇంటినుంచి పప్పన్నం తెస్తానంటే ఇక్కడ ఒప్పుకోలేదు. మింగేటప్పుడు గొంతుకు అడ్డం పడుతుందట, వాళ్ళిచ్చే మెత్తటి గుజ్జే పెట్టాలట. వాళ్ళు చెప్పేది అమ్మ మంచికే. అందుకే జోయెల్ అయ్యగారు కూడా రొట్టెను ద్రాక్షారసంలో నానబెట్టి, ఆవగింజంత చేసి తెస్తాడు. మళ్ళీ నెల తిరిగి, మొన్న ఆదివారం ఆయన వచ్చేసరికి అమ్మ ముందు ట్రే ఉంది. ఉడికించి చిదిమిన బంగాళాదుంప, నారింజ రంగులో ఇంకేదో గుజ్జు. అయ్యగారు ప్రార్థన చేశాడు. నేను ఆమేన్ అన్నాను. ఆవగింజంత రొట్టె ముందుకు వచ్చింది. అమ్మ పెదవులు బిగించింది.

"అమ్మా, ఒక్కసారమ్మా" అన్నాను. నా గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినిపించింది. "ప్రభువు బల్లమ్మా. నాన్నగారు ఇచ్చేవారు చూడు, అదే."

అమ్మ నా వైపు చూసింది. ఎవరో అన్నట్టే చూసింది. తర్వాత చెయ్యి ట్రేలోకి పోయింది. ఆ దుంప గుజ్జును వేళ్ళతో దగ్గరకు లాగి, గిన్నె అంచుకు ఒకసారి ఒత్తి, బొటనవేలితో నున్నగా చేసింది. ముద్ద. ఏడాదిగా చెంచా పట్టుకోవడం కూడా రాని చెయ్యి. కింద జారకుండా ఎడమ అరచెయ్యి అడ్డం పెట్టి, నా నోటి దగ్గరకు తెచ్చింది. తెచ్చి, తనూ నోరు తెరిచి, "ఆఁ" అంది.

ఆమె నోరు తెరుచుకుని ఉంది. పక్కనే అయ్యగారి వేళ్ళ మధ్య రొట్టె ఉంది. ఆయన నా వైపు చూశాడు, ఇవ్వనా అన్నట్టు. అంతలో ముద్ద నా పెదవులకు తగిలింది. నేను నోరు తెరిచాను. ఉప్పు లేదు, చల్లారిపోయి ఉంది. నా ముఖం అప్పుడు ఎలా ఉందో నాకు తెలియదు.

అమ్మ ఇంకో ముద్ద చేయడం మొదలుపెట్టింది. జోయెల్ అయ్యగారు చెయ్యి వెనక్కి తీసుకుని, పెట్టె మూత వేశాడు.

"ఆంటీ," అన్నాడు మెల్లగా, "వచ్చే నెల చూద్దామా?"

నోరు నిండా ఉంది. అమ్మ రెండో ముద్ద తెచ్చేసరికి మింగేసి మళ్ళీ నోరు తెరిచాను.